మూడు మొహాల ఫోను

జూన్ 4, ఉదయం 6.10

మైకు బొమ్మ మీద వేలు పెట్టాను. మాట్లాడుతున్నాను. అక్షరాలు పడుతున్నాయి. ఏం పడుతున్నాయో నాకు తెలియదు, నాకు చదువు రాదు. తేదీ, టైము అదే వేసుకుంటుందట. కేసు గురించి ఏ రోజుది ఆ రోజు, జరిగింది జరిగినట్టు చెప్పుకోమంది వకీలమ్మ. తిట్లు తగ్గించమంది. అన్నీ అయ్యాక కింద బాణం గుర్తు నొక్కితే తనకి చేరుతుందట. నొక్కేదాకా ఎవరికీ పోదట. నాకూ ఫోనుకూ మధ్యే ఉంటుందట.

సరే. నేను చెత్త షెడ్డులో పనిచేస్తాను. పొడి చెత్తంతా లారీల్లో వచ్చి బెల్టు మీద పడుతుంది. ఆడవాళ్లం రెండు పక్కలా నిలబడి ఏరతాం. ఒకరు పాల కవర్లు, ఒకరు నీళ్ల సీసాలు, ఒకరు మూతలు, ఒకరు అట్టలు. షెడ్డు రాకముందు ఈ పనే వీధుల్లో చేసేవాళ్లం, గోనెసంచి భుజాన వేసుకుని, కుక్కలతో తగూలాడుతూ. అప్పుడు జనం మమ్మల్ని చూసి ముక్కు మూసుకునేవాళ్లు. ఇప్పుడు మా మెడలో కార్డులున్నాయి. ఇప్పుడు కార్డు చూసి మూసుకుంటున్నారు.

కేసు ఇదీ. మా పొడుగుదాన్ని పనిలోంచి తీసేశారు. మొన్న పొద్దున గేటు దగ్గర కార్డు పెడితే మిషను ఎర్ర లైటు వేసింది. కార్డుకి దుమ్ము అంటిందేమో అని తుడిచి మళ్లీ పెట్టింది పాపం. మళ్లీ ఎర్ర లైటే. వెనక లైన్లో వాళ్లు తోస్తున్నారు. వాచ్‌మన్ పక్కకి జరగమన్నాడు. అది పక్కకి జరిగింది. అంతే, ఉద్యోగం పోయింది. ఒక మనిషి నోటితో చెప్పలేదు, ఒక కాగితం చేతిలో పెట్టలేదు.

షెడ్డులో దానంత వేగంగా చెయ్యి ఆడేవాళ్లు లేరు. పాల కవరు నా కంటికి ఆనేలోపు దాని సంచిలో ఉంటుంది. నన్ను అత్తా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకుంది. మొగుడు లేడు. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి మూర్ఛలు. షెడ్డు వెనక రేకుల గదులు పనివాళ్లకి మాత్రమే ఇస్తారు. పని పోతే గది పోయినట్టే. నెలాఖరులోగా ఖాళీ చెయ్యమని సూపర్వైజరు కబురు పంపాడు.

ఖాళీ చెయ్యనివ్వను. అది కూడా వేసుకో ఫోనూ.

జూన్ 5, సాయంత్రం 6.30

సూపర్వైజరు గదికి వెళ్లాను. నేనొక్కదాన్నే కాదు, టీ టైములో అందరినీ వెంటేసుకుని వెళ్లాను. ఎందుకు తీశావయ్యా దాన్ని అన్నాను. నేను తియ్యలేదు పెద్దమ్మా, సిస్టమ్ తీసింది అన్నాడు. మీ సిస్టమ్‌కి నోరుంటే బయటికి పిలువు, లేకపోతే దాని వంతు తిట్లు కూడా నువ్వే తిను అన్నాను. వెనక ఆడవాళ్లు నవ్వారు. వాడూ నవ్వబోయి ఆపుకున్నాడు. చెడ్డవాడు కాదు, పిరికివాడు. చల్లటి గదిలో కూర్చుని చెమట తుడుచుకుంటాడు.

రేటింగ్ పడిపోయిందన్నాడు. పొడుగుదానికి మూడు నెలలుగా ఎర్ర గుర్తులే పడ్డాయట. అన్ని ఎర్ర గుర్తులు పడితే పేరు దానంతట అదే ఎగిరిపోతుందట. ఎవరు వేశారు ఆ గుర్తులు అని అడిగితే అది తన స్క్రీన్‌లో కనబడదన్నాడు. హెడ్డాఫీసులో ఉంటుందట.

నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ అరిచాను. దాని పొట్ట మీద ఆ ఎర్ర గుర్తు పెట్టినది ఏ చెయ్యో ఆ చెయ్యి పడిపోను, ఆ చేత్తో ముద్ద నోటికి పోకుండా పోను అన్నాను. ఇంకా అన్నాను. వకీలమ్మ తిట్లు తగ్గించమంది కాబట్టి మిగతావి చెప్పను.

ఇంటికి వచ్చేటప్పుడు ఆడవాళ్లు నన్ను మధ్యలో పెట్టుకుని నడిచారు. నవ్వులక్క అయితే, నువ్వు లేకపోతే మమ్మల్ని నమిలేద్దురు అంది. నడుం నిటారుగా పెట్టుకుని నడిచాను. ఈ వయసులో.

జూన్ 6, ఉదయం 5.50

వకీలమ్మ నిన్న ఫోన్‌లో ఒకమాట అడిగింది. లీడరు అంటే నువ్వు చేసే పనేంటి అంది. అదీ చెప్తున్నాను.

పోయినేడాది నా వేళ్లు బిగుసుకుపోయాయి. మూతలు ఏరలేకపోయాను. తీసేస్తారనుకున్నాను. తియ్యలేదు, లీడరుని చేశారు. నా నోరు చూసి చేశారని నవ్వులక్క అంటుంది. బెల్టు చివర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు, నీలం రంగుది, చేతులున్నది. షెడ్డులో కుర్చీ ఉన్న ఆడది నేనొక్కదాన్నే. ఒక కంపెనీ ఫోను ఇచ్చారు. పొద్దున గేటు దగ్గర తీసుకోవాలి, సాయంత్రం ఇచ్చెయ్యాలి.

సాయంత్రం షిఫ్టు అయ్యాక ఆ ఫోన్‌లో ఒక్కొక్కరి ఫొటో వస్తుంది. ఫొటో కింద మూడు మొహాలుంటాయి. పచ్చది నవ్వుతుంది. పసుపుది మూతి తిన్నగా పెట్టుకుంటుంది. ఎర్రది ఏడుస్తుంది. ఏదో ఒకటి నొక్కితే తర్వాతి ఫొటో వస్తుంది. చదువు రానివాళ్లకని బొమ్మలు పెట్టారట. మంచి పని చేశారు.

నిజం చెప్పాలంటే నాకు చాలా నచ్చింది. ఇన్నేళ్లలో మా మొహాల వైపు చూసినవాడు లేడు. గ్లౌజులు చినిగాయా అని అడిగినవాడు లేడు. అలాంటిది రోజూ సాయంత్రం, ఈమె నవ్విందా ఏడ్చిందా అని కంపెనీయే అడుగుతుంటే! నేను చూసి చూసి నొక్కేదాన్ని. నవ్వులక్క సంచి సగం కూడా నిండదు, పొద్దస్తమానం కబుర్లు, కానీ పళ్లు ఇకిలిస్తూనే ఉంటుంది. దానికి పచ్చది. పొడుగుది తల వంచుకుని ఏడ్చేది, చిన్నదానికి మూర్ఛలు ఎక్కువయ్యాయి. చేతులు ఆడుతూనే ఉండేవి, కళ్లు కారుతూనే ఉండేవి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు కదా. దానికి ఏడుపు మొహమే నొక్కాను. ఒక్కరోజు మానలేదు.

కాబట్టి వకీలమ్మా, ఇది పెద్ద పాయింటు, గట్టిగా పట్టుకో. పొడుగుది కష్టంలో ఉందని కంపెనీకి తెలుసు. రోజూ నేనే చెప్పాను. తెలిసి తెలిసి తీసేశారు. మనుషులేనా వీళ్లు?

జూన్ 9, సాయంత్రం 5.45

వాన. రేకుల మోతకి ఏమీ వినబడలేదు. నవ్వులక్క ఫొటో ఆఫీసు గోడకి పెట్టారు, మంచి వర్కరట. స్టీలు ఫ్లాస్కు ఇచ్చారు. ఎందుకిచ్చారో అని అదే ఆశ్చర్యపోయింది.

జూన్ 11, మధ్యాహ్నం 2.20

వకీలమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాను. రెండు బస్సులు పోయాయి, ఎక్కలేదు.

జూన్ 12, ఉదయం 6.00

ఇది వకీలమ్మకి కాదు. బాణం నొక్కను.

జూన్ 13, సాయంత్రం 6.15

ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. నీకే చెప్తాను. నీకు మొహం లేదు కాబట్టి నీ మొహం చూడనక్కర్లేదు.

మొన్న వకీలమ్మ హెడ్డాఫీసు నుంచి రేటింగ్ తెప్పించింది. కంప్యూటర్ నా వైపు తిప్పింది. ఆ మూడు మొహాలే. పచ్చది అంటే పని బాగా చేసిందని. పసుపుది అంటే ఫరవాలేదని. ఎర్రది అంటే పని బాగా చెయ్యలేదని. పని గురించట. ఏడుపు గురించి కాదట. మా ఏడుపు ఎవడూ అడగలేదట.

పొడుగుదాని ఫొటో పక్కన గడపకి కుంకుమ బొట్లు పెట్టినట్టు వరసగా ఎర్ర చుక్కలు. అన్నీ లీడరు ఫోన్ నుంచే పడ్డాయి అని చదివింది వకీలమ్మ.

నాకు నోరు రాలేదు. నాకు. నా నోటికి జడిసి లారీ డ్రైవర్లు హారన్ కొట్టరు.

వకీలమ్మ నా మౌనాన్ని ఇంకోలా అనుకుంది. నాకు అర్థమైంది పెద్దమ్మా అంది. నీకు చదువు రాదని ఆ సూపర్వైజరు సాయంత్రం నీ ఫోన్ తీసుకుని నొక్కేసి ఉంటాడు అంది. అదే జరిగింది కదా అంది. ఆ ఫోన్ రాత్రంతా వాడి ఆఫీసులోనే ఉంటుంది కదా అంది. నేను ఎప్పుడూ నొక్కలేదు, అంతా అతనే చూసుకునేవాడు అని లేబరాఫీసు విచారణలో ఒక్కమాట చెప్పు, కేసు మన చేతిలో ఉన్నట్టే అంది. నా భుజం మీద చెయ్యి వేసింది.

నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. ఫోన్ ఇచ్చిన రోజు ఒక ట్రైనింగ్ అమ్మాయి వచ్చింది. చేతిలో వాటర్ బాటిల్, ముక్కుకి మాస్కు. గబగబా ఏదో చెప్పింది, బెల్టు మోతలో సగం వినబడలేదు. అర్థమైందా ఆంటీ, మళ్లీ చెప్పనా అంది. చుట్టూ ఆడవాళ్లందరూ చూస్తున్నారు. నేను కొత్త కుర్చీలో కూర్చుని ఉన్నాను. అక్కర్లేదులే అమ్మా, నాకు తెలుసు అన్నాను. అందరికీ వినబడేలా అన్నాను.

ఒక్కసారి చెప్పమంటే ఏం పోయేది? కుర్చీ పోయేదా?

ఆ పిల్ల రెండుసార్లు అడిగింది. అది కూడా చెప్పాలి.

జూన్ 14, ఉదయం 5.30

కుళాయి దగ్గర పొడుగుది ఎదురైంది. భుజాన గోనెసంచి. మళ్లీ వీధుల్లో ఏరడానికి పోతోంది. పెద్దదాన్ని బడి మాన్పించి చిన్నదానికి కాపలా పెట్టిందట. నా బిందె లాక్కుని మా గుమ్మం దాకా మోసుకొచ్చి పెట్టింది. నువ్వు నా కోసం అంత మాట్లాడుతున్నావు, బిందె మొయ్యలేనా అత్తా అంది.

తలుపేసుకున్నాను.

జూన్ 14, సాయంత్రం 6.40

ఎడమ చేత్తో తింటున్నాను. ఊరికే. శాపాలంటే నాకు నమ్మకం లేదు.

జూన్ 16, సాయంత్రం 6.00

ఇవాళ అందరికీ పచ్చదే నొక్కాను. మొన్నా అంతే. బెల్టు పక్కన కునుకు తీసినదానికీ పచ్చదే. ఆ తెర మీద ఒట్టి వేలు పెట్టబుద్ధి కాక గ్లౌజు వేసుకున్నాను. గ్లౌజుతో నొక్కితే ఆ ఫోనుకి మనం ఉన్నట్టే తెలియదు. మళ్లీ తీశాను.

పక్కనే నిలబడి చూస్తున్న నవ్వులక్క, ఇవాళ అందరం నవ్వామా ఏంటే అంది. చెంప మీద కొట్టినట్టైంది.

కుర్చీలో వెనక్కి వాలలేకపోతున్నాను. అంచున కూర్చుంటున్నాను. నడుం నొప్పా పెద్దమ్మా అని అడిగాడు సూపర్వైజరు. వాడి మీదికి నేరం నెట్టడానికి సిద్ధంగా ఉన్నాను, వాడేమో నా నడుం గురించి అడుగుతున్నాడు. వాడికీ పిల్లలున్నారు. ఒకసారి ఆఫీసుకి తీసుకొచ్చాడు, చిన్నవాడు నా కుర్చీ ఎక్కి గంతులేశాడు.

వాడు పిరికివాడే. కానీ ఆ వేలు వాడిది కాదు.

జూన్ 18, సాయంత్రం 7.00

చెప్పేశాను.

పొడుగుదాని గదికి వెళ్లాను. సామాను సగం సర్దేసి ఉంది. గిన్నెలు సిమెంటు సంచిలో ఉన్నాయి. చిన్నది మంచం మీద పడుకుని సీసా మూతలు రంగుల వారీగా పేరుస్తోంది. దీనికీ ఇదే ఆట.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఏ మొహం పెట్టుకుని మొదలుపెట్టను? తలుపు దగ్గరే నిలబడి అన్నాను. ఆ ఎర్ర గుర్తులు పెట్టింది నేనే అన్నాను. అది నవ్వింది, ఏంటత్తా తమాషాలు అంది. తమాషా కాదన్నాను. మొత్తం చెప్పాను. మొహాలు, కుర్చీ, ట్రైనింగ్ అమ్మాయి, అక్కర్లేదులే అమ్మా అన్న మాట, అన్నీ. నువ్వు ఏడుస్తుంటే ఏడుపు మొహం నొక్కాను, నీ కష్టం పెద్దవాళ్లకి తెలియాలని నొక్కాను అన్నాను. అప్పుడు కూర్చున్నాను. కింద. కుర్చీ లేదు అక్కడ, ఉన్నా కూర్చునేదాన్ని కాదు.

అది గిన్నెలు సర్దుతూనే ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే వెళ్లాను. నా మాటలు నాకే తిప్పికొట్టినా పడదామనుకున్నాను.

తిట్టలేదు. ఒకటే అడిగింది.

నేను ఏడుస్తున్నానని నీకు తెలుసా అత్తా అంది. తెలుసన్నాను. రోజూనా అంది. రోజూ అన్నాను. బెల్టు చివర నీ కుర్చీకి నేను నిలబడే చోటు ఎంత దూరం అంది. చెయ్యి చాస్తే అందేదాన్ని కదా అంది. నాకెవరూ లేరనుకుని, ఎవరికీ కనబడట్లేదనుకుని ఏడ్చాను అంది. మూడు నెలలు ఫోనుకి చెప్పావు, ఏమైందే అని నన్ను అడగలేకపోయావా అంది.

కోపంగా అని ఉంటే బాగుండేది. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

లీడరునయ్యాక ఒకళ్ల దగ్గరికి లేచి వెళ్లడం నామోషీ అనిపించిందా? ఫోన్‌లో నొక్కాను కదా, ఇంక నా పని అయిపోయిందనుకున్నానా? నొక్కి, ఫోన్ గేటు దగ్గర ఇచ్చేసి, ఇంటికొచ్చి హాయిగా తినేదాన్ని. పొడుగుదానికి సాయం చేశానని తృప్తిగా తినేదాన్ని.

నేను లేచి వస్తుంటే చిన్నది ఒక పచ్చ మూత ఇచ్చింది. దానికేం తెలుసు.

జూన్ 19, మధ్యాహ్నం 1.30

వకీలమ్మకి నిజం చెప్పాను. పెన్ను బల్ల మీద పడేసింది. ముందే ఎందుకు చెప్పలేదు, కాగితాలన్నీ సూపర్వైజరు మీద తయారుచేశాను కదా అంది. సిగ్గేసి చెప్పలేదు అన్నాను. ఆమె పెన్ను మళ్లీ తీసుకుంది. నేను కూడా నీ నోటిలోకి మాట పెట్టాను కదా అంది, మెల్లగా. ఆమెకీ సిగ్గేసింది. ఇద్దరం కలిసి టీ తాగాం, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా.

తర్వాత ఇంకో రెండు షెడ్ల లీడర్లకి ఫోన్ చేసింది. ఒకామె తనతో పోట్లాడినవాళ్లకి మాత్రం ఎర్రది పెడుతుందట. ఇంకొకామె బొటనవేలికి దగ్గరని ఎప్పుడూ చివరిదే నొక్కుతుందట, అది పచ్చదో ఎర్రదో చూడదట. వకీలమ్మ తల పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ షెడ్లలో ఎంతమంది పొడుగుదాని లాంటివాళ్లు గేటు దగ్గర కార్డు తుడుచుకుంటున్నారో.

కేసు తిప్పి రాస్తానంది. గెలుస్తామా అంటే తెలియదంది. అబద్ధం చెప్తే గెలిచేవాళ్లమా అంటే, అనుకుంటా అంది.

జూన్ 24, సాయంత్రం 4.10

మొదటి రోజు విచారణ అయింది. పెద్ద బల్ల, ఏసీ, అందరికీ నీళ్ల సీసాలు. మూత వేరు, సీసా వేరు, లేబులు వేరు అని నా చెయ్యి దానంతట అదే విడదీసి పెట్టింది. కంపెనీ తరపు అతను నా చెయ్యి వైపు చూశాడు.

నిలబడి చెప్పాను. కూర్చుని చెప్పమన్నారు, వద్దన్నాను. గుర్తులు నేనే పెట్టాను అన్నాను. సూపర్వైజరు నా మీద నుంచి కళ్లు తియ్యలేదు. ఎర్రది అంటే ఏడుపని అనుకున్నాను, ఏడుస్తున్న మనిషికి పెట్టాను అన్నాను. తెలియదని చెప్పడానికి సిగ్గుపడ్డాను, నా సిగ్గుకి ఈమె పొట్ట కొట్టారు మీరు, నేనూ మీరూ కలిసి కొట్టాం అన్నాను.

ఎవరో నవ్వారు. విచారణ చేసే ఆఫీసరు నవ్వలేదు. కంపెనీ అతనిని అడిగింది ఆవిడ. మీ బొమ్మల్లో ఏడుపు మొహం పని గురించని ఎక్కడ ఉంది అని. ట్రైనింగ్ ఇచ్చామన్నాడు, రికార్డు ఉందన్నాడు. అవును, ఇచ్చారు, ఆ పిల్ల మళ్లీ చెప్తానంది, నేనే వద్దన్నాను అన్నాను. వకీలమ్మ బల్ల కింద నా కాలు తొక్కింది. తొక్కితే తొక్కింది. సగం నిజం చెప్పడానికి అంత దూరం బస్సెక్కి పోలేదు.

పొడుగుదాని చెయ్యి ఎంత వేగమో ఎవరైనా చెప్పగలరా అని అడిగింది ఆఫీసరు. సంచులన్నీ కలిపే తూస్తారు, ఎవరిది ఎంతో లెక్క లేదన్నాడు కంపెనీ అతను. అప్పుడు సూపర్వైజరు లేచాడు. ఆమె లేని రోజు నుంచి పాల కవర్లు బెల్టు దాటి వెళ్లిపోతున్నాయి మేడమ్ అన్నాడు. అంత మాట అంటాడని నేననుకోలేదు. వాడి చొక్కా వీపంతా తడిసిపోయింది.

విచారణ పూర్తయ్యేదాకా పొడుగుది పనిలో ఉండొచ్చన్నారు, గదిలో ఉండొచ్చన్నారు. లీడరుగా నేను పనికిరానన్నారు. ఆ మాట నిజమే.

బస్సులో పొడుగుది నా పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుని దింపింది. కుడి చెయ్యి.

జూన్ 25, ఉదయం 6.20

ఆ బాణం ఇవాళ నొక్కేశాను. మొదటినుంచీ అంతా. వకీలమ్మ చదువుకుంటే చదువుకోనీ, అందరికీ చదివి వినిపించినా సరే.

జూన్ 26, సాయంత్రం 6.30

మళ్లీ బెల్టు దగ్గర నిలబడ్డాను, మూతల దగ్గర. వేళ్లు వంగవు, మూడింట్లో ఒకటి జారిపోతుంది. జారినవాటిని పొడుగుది కవర్లతోపాటే పట్టుకుని నా సంచిలో వేస్తోంది, నా వైపు చూడకుండా. కుర్చీ నవ్వులక్కకి ఇచ్చారు. సాయంత్రం ఫోన్ నా మొహానికి దగ్గరగా పెట్టి, ఏది నొక్కనే అంది. నీ ఇష్టం అన్నాను.

జూన్ 27, ఉదయం 5.40

బెల్టు ఇంకా మొదలుకాలేదు. పొడుగుదాని దగ్గరికి నడిచి వెళ్లి, ఏమైందే అని అడిగాను.

చెప్పింది.

ఏం చెప్పిందో నీకు చెప్పను.